కొత్వాలు కొలువు ఎవరిది?

మన పల్లెలలో పూర్వము తలారి యను గ్రామసేవకుడుండెడివాడు. రాత్రివేళ గస్తీ తిరుగుట, ఊరికి క్రొత్తగా వచ్చినవారిని కనిపెట్టియుండుట, దొంగతనము జరిగినచో అడుగుజాడలు పట్టుకొని పోవుట వాని పనులు. పంట నూర్చిన నాడు కళ్ళమునందే వానికి మేర కొలిచి యిచ్చెడివారు. వాడా యూరివాడు, వాని తండ్రియు ఆ యూరి తలారియే. ఎవరి పశువు ఎవరి చేనిలో పడినదో, ఏ యింటికి ఏ యింటితో పగ యున్నదో వానికి తెలిసినట్లు మరియొకరికి తెలియదు. ఇది గొప్ప సౌకర్యమే. కాని ఊరి దొరగారి కుమారుడే దోషియైన నాడు తలారి నోరు మెదపగలడా? మెదపినచో మరుసటి పంటకు వాని మేర నిలుచునా? ఈ చిన్న ప్రశ్నలలోనే మేము నేడు ముచ్చటింపబూనిన చరిత్రయంతయు ఇమిడియున్నది.

కావలివాడు స్థానికుడైనచో ప్రజల నెఱుగును, కాని బంధుత్వములకును భయములకును లోబడవచ్చును. పరదేశియైనచో వానికి బంధువులు లేరు, పగలు లేవు. కాని ప్రజల భాష తెలియదు, జీతమిచ్చువానికి తప్ప మరెవ్వరికిని జవాబు చెప్పనక్కరలేదు. దీనికి మూడవ మాట యొకటి తోడగును. కావలి యనునది ధర్మము మాత్రమే కాదు. అది ఉద్యోగము కూడ. నెలనెల జీతము, ఒక కుటుంబమునకు తిండి. ఊరి యువకులు పనిలేక తిరుగుచుండగా ఆ తిండి పొరుగువాని కిచ్చుట న్యాయమా యని అడుగువారు అన్ని కాలములందును ఉందురు. హైదరాబాదు నగరమునందు ఈ వాదము నూటయేబది సంవత్సరములకు పైగా సాగినది. పాత్రలు మారినవి, పరదేశి యను మాటకు అర్థము మారినది. వాదము మాత్రము మారలేదు.

కథ అరేబియా సముద్రమునకు ఆవలి ఒడ్డున ఆరంభమగును. నేటి యెమెను దేశపు దక్షిణ తీరమున హద్రమౌత్ అను ప్రాంతము కలదు. వానలు తక్కువ, పంటలు తక్కువ, తెగల పోరాటములు మాత్రము ఎక్కువ. అక్కడి యువకులు బ్రతుకుతెరువు వెదకుకొనుచు ఓడలెక్కి పరదేశములకు పోవుట తరతరముల ఆచారము. వారిలో అనేకులు 18వ శతాబ్దము చివర, 19వ శతాబ్దము మొదట దక్కను దర్బారులకు చేరిరి. నిజాము సంస్థానములో సైనికులుగను, అమీరుల దేవిడీలకు పహరావారుగను కుదిరిరి. వారికి తోడు ఉత్తరమునుండి రోహిల్లాలు వచ్చిరి. మహారాజా చందూలాలు పెత్తనము చేసిన కాలమున పంజాబునుండి సిక్కు దళములు వచ్చినవి. ఈ విధముగా నగరపు వీథులలో ఆయుధము ధరించి తిరుగువారిలో పలువురు ఈ నేలపై పుట్టనివారైరి.

వీరిని కొలువులో పెట్టుకొన్నవారు తెలివితక్కువవారు కారు. స్థానికుడైన సిపాయికి ఒక జమీందారు బంధువగును, ఒక దేశముఖు మిత్రుడగును. అరబ్బు సిపాయికి దక్కనులో తన జమేదారు తప్ప మరెవ్వరును లేరు. దివాను అరబ్బు జమేదారునకు జీతమిచ్చినచో అతని క్రిందివారందరును దివాను పక్షమే. ప్రభువునకు ఇంతకంటె సులువైన యేర్పాటు లేదు. అయితే జీతము సకాలమున ఇచ్చినప్పుడే ఈ సులువు. సంస్థానపు ఖజానా ఆ రోజులలో ఎప్పుడును ఒట్టిదే. జీతములు నెలలు, ఏండ్లు బకాయి పడెను. అప్పుడు జమేదారులు జీతగాండ్రు కాక ఋణదాతలైరి. బాకీ క్రింద తాలూకాలను తనఖా పట్టి శిస్తు తామే వసూలు చేసికొనసాగిరి. అమీరులకు, వర్తకులకు వడ్డీకి అప్పులిచ్చిరి. అప్పు తీర్పనివానిని న్యాయస్థానమునకు ఈడ్వక తమ యిండ్లలోనే బంధించిరి. కావలివాడే కారాగారాధికారియు, కావలివాడే వాదియునైనచో సామాన్యుడు ఎవరితో మొరపెట్టుకొనును?

ఈ జమేదారులలో ఒకరి చరిత్ర మిక్కిలి విచిత్రమైనది. ఉమర్ బిన్ అవద్ అల్ ఖువైతీ అను నాతడు హైదరాబాదు కొలువులో పెద్ద జమేదారుగా ఎదిగెను. ఇక్కడ ఆర్జించిన ధనముతో ఆయన వంశమువారు తమ జన్మభూమిలో షిహ్రు, ముకల్లా రేవులను సంపాదించి సుల్తానులైరి. దక్కను కొలువులో సంపాదించిన సొమ్ము అరేబియాలో ఒక రాజ్యమును నిలిపినది. దక్కను రైతునకు మాత్రము దానివలన ఒరిగినదేమియు లేదు.

1853వ సంవత్సరమున మొదటి సాలారుజంగు దివాను పదవికి వచ్చునాటికి సంస్థానపు పరిస్థితి ఇది. అప్పుడాయన వయస్సు ఇరువదినాలుగేండ్లు. ఆ యేటనే బీరారు ప్రాంతము ఆంగ్లేయుల వశమైనది. ఖజానాలో ధనము లేదు. చేతిలో ఆయుధములున్న పరదేశీయులు మాత్రము వేలకొలదిగా ఉన్నారు. వారినందరిని ఒక్క రోజున తొలగించినచో ఏమగును? పనిలేని సాయుధులు నగరమును దోచుకొందురు. ఆయన ఆ పని చేయలేదు. మెల్లమెల్లగా బాకీలు చెల్లించి తనఖా తాలూకాలను విడిపించెను. అరబ్బులపై వచ్చు ఫిర్యాదులు వినుటకు న్యాయస్థానపు ఏర్పాటు చేసెను. సొంత యిండ్లలో మనుష్యులను బంధించు అధికారమును క్రమముగా హరించెను. 1865లో జిల్లాబందీ యను పరిపాలనా విభాగము జరిగినది. దానితోడనే జిల్లాలలో ప్రభుత్వపు జీతముపై పనిచేయు పోలీసు వ్యవస్థ ఆరంభమైనది. జమేదారుని జీతగాడు వేరు, ప్రభుత్వపు జవాను వేరు అను భేదము ఆనాటినుండి ప్రజలకు తెలియసాగినది. మా అభిప్రాయములో సాలారుజంగు చేసిన గొప్ప పని పరదేశీయులను తరుముట కాదు. జీతమిచ్చు చేతిని మార్చుట.

కాని ఈ మార్పునుండియే క్రొత్త వాదము పుట్టినది. క్రొత్త శాఖలను నడుపుటకు చదువుకొన్నవారు కావలసివచ్చిరి. అట్టివారు సంస్థానములో అరుదు. సాలారుజంగు ఉత్తర హిందూస్థానమునుండి పండితులను, అనుభవజ్ఞులైన ఉద్యోగులను పిలిపించెను. సయ్యదు హుస్సేను బిల్‌గ్రామీ, మెహదీ అలీ, ముష్తాఖ్ హుస్సేను, చిరాగ్ అలీ మున్నగువారు ఇట్లు వచ్చినవారే. వారు సమర్థులు, సందేహము లేదు. అయితే పెద్దవారొకరు వచ్చినచో వారి వెంట మేనల్లుండ్రు, బావమరదులు, స్వగ్రామపు మిత్రులు వచ్చుట లోకసహజము. క్రొత్తగా తెరిచిన కచ్చేరీలలో కుర్చీలు అట్టివారితో నిండసాగినవి. నగరములోని పాత కుటుంబముల యువకులు గుమ్మముకడనే నిలువవలసివచ్చెను.

అప్పుడు ముల్కీ, గైరుముల్కీ యను రెండు మాటలు ప్రతి నోటను వినబడసాగినవి. ముల్కు అనగా దేశము. ముల్కీ దేశీయుడు, గైరుముల్కీ విదేశీయుడు. లక్నోనుండి వచ్చినవానిని విదేశీయుడనుట నేటి శ్రోతలకు వింతగా తోపవచ్చును. కాని ఆనాడు అది న్యాయశాస్త్రమునకు విరుద్ధము కాదు. నిజాము ప్రజ వేరు, బ్రిటిషు ఇండియా ప్రజ వేరు. సంస్థానమునకు తన నాణెము, తన తపాలా బిళ్ళ, తన న్యాయస్థానములు ఉండెను. హద్దు దాటి వచ్చినవాడు మరియొక ప్రభుత్వపు ప్రజయే.

ఇరుపక్షముల వాదములును బలముగలవే. ముల్కీలు ఇట్లనిరి: ఈ జీతములు మా రైతులు కట్టిన శిస్తునుండి వచ్చునవి, మా పిల్లలు పస్తులుండగా వీరు సంపాదించి స్వదేశములకు పంపుకొనుచున్నారు, మా ఆచారవ్యవహారములు వీరెఱుగరు. గైరుముల్కీలు ఇట్లనిరి: మీలో చదువుకొన్నవా రెందరు? చట్టము తెలిసినవా రెందరు? మేము రాక పూర్వము ఇక్కడ న్యాయము ఎట్లుండెనో మీకే తెలియును. మాకు ఇచ్చట పక్షములు లేవు కనుకనే మేము నిష్పక్షపాతముగ పనిచేయగలము.

ఈ వాగ్వాదములో ఒక గొంతు మాత్రము వినబడలేదు. సంస్థానపు జనములో సుమారు సగము మంది తెలుగు మాటాడువారు. తక్కినవారిలో పెక్కురు మరాఠీ, కన్నడము మాటాడువారు. 1880వ దశకమున పారసీకమునకు మారుగా ఉర్దూ రాజభాషయైనది. ఠాణాలో ఫిర్యాదు వ్రాయునది ఆ భాషలోనే. నల్లగొండ రైతు తన మొర తెలుగులో చెప్పుకొనును. అమీను దానిని ఉర్దూలో వ్రాసికొనును. వ్రాసినదేమో రైతునకు తెలియదు. వేలిముద్ర వేసి యింటికి పోవును. వ్రాసిన అమీను ముల్కీయైననేమి, గైరుముల్కీయైననేమి? రైతునకు ఇద్దరును పరదేశీయులే. గ్రామములో పోలీసు పటేలు స్థానికుడే, తెలుగువాడే. కాని అతడు పెక్కుచోట్ల దేశముఖునకు లోబడినవాడు. పైనున్నవాడు భాష తెలియనివాడు, క్రిందనున్నవాడు భయపడువాడు. ఈ రెండింటి నడుమ తెలుగు రైతు నలిగిపోయెను. స్థానికుడను నియమించినంత మాత్రమున న్యాయము కలుగునని చెప్పువారును, పరదేశిని నియమించిన కలుగునని చెప్పువారును ఈ రైతును తలచుకొనవలయును.

20వ శతాబ్దమున స్థానికుడనగా ఎవరో నిర్ణయింపక తప్పలేదు. 1919లో ఏడవ నిజాము ఫర్మాను వెలువడినది. సంస్థానములో పుట్టినవాడు, పదునైదేండ్లు కొలువు చేసినవాని సంతానము, పదునైదేండ్లు స్థిరనివాసము చేసి తిరిగి స్వస్థలమునకు పోనని ప్రమాణపత్రము వ్రాసినవాడు మున్నగువారు ముల్కీలుగా పరిగణింపబడిరి. ముల్కీ కానివానిని ప్రత్యేకానుమతి లేనిదే ఉద్యోగమున నియమింపరాదు. ఆ అనుమతి యను చిన్న కిటికీనుండియే పలువురు లోనికి వచ్చుచుండిరని ముల్కీలు పలుమారులు ఆక్షేపించిరి.

సరిగా ఆ దినములలోనే ఒక తెలుగువాడు నగర కొత్వాలు పదవిని అలంకరించెను. ఆయన రాజాబహద్దరు వెంకటరామారెడ్డిగారు. వనపర్తి సంస్థానపు రాయణిపేటలో 1869లో జన్మించి, పోలీసు శాఖలో చిన్న ఉద్యోగమునుండి అంచెలంచెలుగా ఎదిగి 1920లో కొత్వాలైరి. అంతకు పూర్వము ఆ పదవి హిందువులకు దక్కలేదు. 1934 వరకు ఆయన ఆ బాధ్యతను వహించిరి. బహు మతములు, బహు భాషలు గల నగరములో పదునాలుగేండ్లు కొత్వాలుగా నిలిచి అన్ని వర్గముల గౌరవమును పొందుట సామాన్యము కాదు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1939లో ఆయన జీవితచరిత్రమును ప్రకటించిరి. మాకు ఆయన చేసిన మరియొక పని ఇంకను ముఖ్యముగా తోచుచున్నది. 1918లో నగరమున రెడ్డి హాస్టలు స్థాపనకు ఆయన పూనుకొనిరి. పల్లెలనుండి వచ్చు విద్యార్థులకు అక్కడ అన్నము, వసతి, గ్రంథాలయము దొరికెను. స్థానికునకు ఉద్యోగము కావలెనని కోరుట ఒక యెత్తు. స్థానికుని ఉద్యోగమునకు తగినవానిగా చేయుట మరియొక యెత్తు. ఆ రెండవ పని యొక్క విలువను పోలీసు శాఖలో జీవితము గడపిన ఆయన బాగుగా ఎఱిగియుండిరి.

1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసినది. పదేండ్లు గడచునప్పటికి పట్టభద్రులు ఏటేట బయటకు రాసాగిరి. అంతలో 1929నుండి ప్రపంచమంతట ఆర్థికమాంద్యము వ్యాపించినది. ధాన్యపు ధరలు పడిపోయినవి, ఉద్యోగములు కుదించుకుపోయినవి. పట్టా చేత పట్టుకొని కచ్చేరీల చుట్టు తిరుగు యువకులు నగరమున కనబడసాగిరి. 1930వ దశకము నడుమ నిజాము ప్రజల సంఘమొకటి యేర్పడి, హైదరాబాదు హైదరాబాదువారిదే యని నినదించినది. అందులో హిందువులును ముస్లిములును కలిసి పనిచేయుట గమనింపదగినది. ఆకలికి మతము లేదు కదా. కాని కొలది యేండ్లలో మతరాజకీయములు చెలరేగి ఆ ఐకమత్యమును మింగివేసినవి.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యములు సంస్థానమున ప్రవేశించినవి. అయిదు దినములలో పాత ప్రభుత్వము ముగిసినది. మేజరు జనరలు చౌదరి సైనిక పాలకుడాయెను. పాత ఉద్యోగులలో కొందరు తొలగింపబడిరి, కొందరు దేశము విడిచిరి, కొందరిపై నమ్మకము పోయినది. తెలంగాణ పల్లెలలో సాయుధ పోరాటము సాగుచున్నది. ఈ స్థితిలో మద్రాసు, బొంబాయి, మధ్యప్రాంతములనుండి ఉద్యోగులను, పోలీసు బలగములను రప్పించిరి. ఉర్దూ స్థానమున ఇంగ్లీషు కచ్చేరీలలో అడుగిడినది. ఉర్దూలో చదివి పట్టాలు పొందిన స్థానిక యువకుడు ఒక్కసారిగా చదువురానివానితో సమానుడాయెను. ఇంగ్లీషు వచ్చిన సర్కారు జిల్లాల యువకుడు సులువుగా కొలువు సంపాదించెను.

ఆ మార్పు పాత అరబ్బు కుటుంబములపై కూడ పిడుగువలె పడినది. వారు పనిచేసిన నిజాము అక్రమ దళములు రద్దయినవి. కొందరు హద్రమౌత్ చేరుకొనిరి. ఇక్కడనే పుట్టి, ఇక్కడి తల్లుల పాలు త్రాగి పెరిగినవారికి పోవుటకు వేరొక దేశమెక్కడిది? తాతల ఖడ్గము వారికి ఇక కూడు పెట్టలేదు. చిల్లర వర్తకము, తోటపని, కూలిపని వెదకుకొనవలసినవారైరి. ఒకనాడు నగరమునకు కావలి యున్నవారు నగరములో నిరుద్యోగులైరి.

1952 మార్చిలో బూర్గుల రామకృష్ణారావుగారి నాయకత్వమున ప్రజాప్రభుత్వము ఏర్పడినది. నాలుగైదు నెలలు గడువకముందే వరంగల్లులో అసంతృప్తి రగిలినది. బయటివారు కొందరు తప్పుడు ముల్కీ పత్రములు పుట్టించుకొని ఉపాధ్యాయ ఉద్యోగములలో చేరిరను ఆరోపణతో విద్యార్థులు వీథులకెక్కిరి. గైరుముల్కీలు తిరిగిపోవలెనను కేక జిల్లానుండి జిల్లాకు పాకి నగరము చేరినది. సెప్టెంబరు 3న సిటీ కళాశాలవద్ద గుమిగూడిన జనముపై పోలీసులు కాల్పులు జరిపిరి. మరునాడును కాల్పులు జరిగినవి. యువకులు ప్రాణములు కోల్పోయిరి. విచారణకై న్యాయమూర్తి పింగళి జగన్మోహనరెడ్డిగారిని నియమించిరి.

ఈ ఘట్టములో హృదయమును కలచు విషయమొకటి యున్నది. డెబ్బదేండ్ల క్రిందట గైరుముల్కీ యనగా లక్నోవాడు. 1952లో గైరుముల్కీ యనగా గుంటూరువాడు, కృష్ణాతీరపువాడు. అతని భాష తెలుగే. పండుగలు ఉగాది, సంక్రాంతులే. భాష తెలియనివాడు కావలివాడుగా ఉండరాదను పాత వాదము ఇతనిపై పనిచేయదు. అయినను కోపము తగ్గలేదు, ఏలయన దాని మూలము భాషలో లేదు. 1951 జనగణనము నాటికి సంస్థానమున అక్షరము వచ్చినవారు నూటికి పదిమంది లేరు. ఆ పదిమందిలో ఒకడై కష్టపడి చదువుకొన్న యువకుడు, తనకంటె ముందుగా, తనకంటె చక్కని బడులలో చదువుకొనగలిగిన సోదరునితో పోటీ పడవలసివచ్చెను. పరుగుపందెమున ఒకడు గీతకడ, మరియొకడు గీతకు నూరడుగుల వెనుక నిలిచినచో అది పందెమగునా యని అతడడిగెను. అదే సమయమున సర్కారు జిల్లాల యువకుడు మరియొక ప్రశ్న అడిగెను: దేశమంతయు ఒక్కటియని రాజ్యాంగము చెప్పుచుండగా నా భాష మాటాడు నగరములో నేను విదేశీయుడనా? రెండు ప్రశ్నలును నిజమైనవే. ఒక దానికి జవాబు చెప్పుటకై రెండవ దానిని తుడిచివేయుట సాధ్యము కాదు.

1950నుండి అమలులోనున్న రాజ్యాంగపు 16వ అధికరణము నివాసమును బట్టి ప్రభుత్వోద్యోగములలో భేదము చూపరాదని చెప్పుచునే, అవసరమైనచో నివాసపు షరతును పార్లమెంటు విధింపవచ్చునని కూడ చెప్పినది. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించునప్పుడు పెద్దమనుష్యుల ఒప్పందములో ఉద్యోగ రక్షణలు చేర్చిరి. 1957లో పార్లమెంటు శాసనము చేసినది. 1969లో సుప్రీముకోర్టు ఆ శాసనములోని నివాసపు షరతు చెల్లదనెను; ఆ యేడే తెలంగాణ ఉద్యమముతో అట్టుడికినది. 1972లో అదే న్యాయస్థానము పాత ముల్కీ నిబంధనలు చెల్లుననెను. అప్పుడు ఆంధ్ర జిల్లాలు భగ్గుమన్నవి. రెండు ఉద్యమములలోను చదువుకొనుచున్న పిల్లలే ఎక్కువగా వీథులలోనికి వచ్చిరి. 1973 సెప్టెంబరులో ఆఱు సూత్రముల పథకము కుదిరి ముల్కీ నిబంధనలకు కాలము చెల్లినది. రాజ్యాంగమున 371డి అధికరణము చేరినది.

దానిని అనుసరించి 1975 అక్టోబరు 18న రాష్ట్రపతి ఉత్తరువు వెలువడినది. రాష్ట్రమును ఆఱు మండలములుగా విభజించిరి. జిల్లా స్థాయి చిన్న ఉద్యోగములలో నూటికి 80, మండల స్థాయిలో 70, కొన్ని గెజిటెడు ఉద్యోగములలో 60 స్థానికులకు ప్రత్యేకించిరి. స్థానికుడను మాటకు నిర్వచనము కూడ మారినది. పుట్టుక, పదునైదేండ్ల కాపురము పోయి, పదవ తరగతి వరకు వరుసగా నాలుగేండ్లు ఎక్కడ చదివినాడను ప్రశ్న ముఖ్యమైనది. రక్తమునకు బదులు పలక ప్రమాణమాయెను. ఇది మంచి మార్పు.

అయితే ఆ ఉత్తరువు 14వ పేరాలో కొన్ని మినహాయింపులుండెను. సచివాలయము, శాఖాధిపతుల కార్యాలయములు, భారీ ప్రాజెక్టులు వాని క్రిందికి వచ్చును. చివరిదగు (ఎఫ్) విభాగములో ఒక చిన్న వాక్యము: 1348 ఫసలీనాటి హైదరాబాదు నగర పోలీసు చట్టము నిర్వచించిన పోలీసు అధికారి ఉద్యోగములకు ఈ యుత్తరువు వర్తింపదు. అనగా నగర పోలీసు కొలువులలో స్థానికులకు ప్రత్యేక భాగము లేదు. రాజధాని అందరిది, దాని కావలిలో అన్ని ప్రాంతములవారును ఉండవలెనని ఒక వాదము. ఉద్యోగములు మెండుగానున్న చోటనే మినహాయింపు పెట్టినచో మిగిలిన రక్షణలకు విలువయేమి యని మరియొక వాదము. ఈ వాక్యము మూడు దశాబ్దములకు పైగా చట్టపు పుటలలో నిద్రించినది.

2009 అక్టోబరు 9న సుప్రీముకోర్టు ఆ వాక్యమునకు ఉన్న అర్థమునే తీర్పుగా చెప్పినది. నగర పోలీసు ఉద్యోగముల విషయమున హైదరాబాదు ఆఱవ మండలములో చేరదనెను. ఒక్క వారములో ఈ మాట పత్రికలనుండి పల్లె రచ్చబండలకు చేరినది. అప్పటికి పోలీసు శాఖ గ్రామీణ యువకునకు మిగిలిన కొద్దిపాటి ఆశలలో ఒకటి. డిగ్రీ చదివి, తెల్లవారుజామున బడి మైదానములో పరుగులు తీయుచు, కానిస్టేబులు పరీక్షకు సిద్ధమగు పిల్లలు ప్రతి మండలములోను ఉండిరి. వారికిది న్యాయసూత్రము కాదు, నోటిముందరి ముద్ద. ఆ సంవత్సరము నవంబరు 29న తెలంగాణ రాష్ట్ర సమితి నాయకులు చంద్రశేఖరరావుగారు నిరాహారదీక్ష కుపక్రమించిరి. తరువాతి చరిత్ర అందరికిని తెలిసినదే. 2010 మార్చిలో శాసనసభ ఆ వాక్యమును తొలగింపవలెనని ఏకగ్రీవముగా తీర్మానించినది. 2011 ఆగస్టులో రాష్ట్రపతి ఉత్తరువు ద్వారా అది తొలగినది. 2014 జూను 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడినది. 2018 నాటి క్రొత్త ఉత్తరువు నూటికి 95 ఉద్యోగములను స్థానికులకు ప్రత్యేకించినది. ఒక పోలీసు కొలువు గూర్చిన ఒక్క వాక్యము రాష్ట్రపటమును మార్చినదని మేమనము. మార్చినవి అనేక కారణములు. కాని ఎండుగడ్డిపై పడిన నిప్పురవ్వలలో అది యొకటి యనుట సత్యదూరము కాదు.

ఇంతకును కావలివాడు ఎవడు కావలెను? పూర్వపు దివానులు బయటివానిని ఏరుకొన్నది అతడు తమకు మాత్రమే విధేయుడుగా ఉండుననియే. ప్రజలకు విధేయుడు కానివాని నిష్పక్షపాతము ఎంత విలువైనదో అరబ్బు జమేదారుల ఇండ్లలో బందీలైన ఋణగ్రస్తులు చెప్పగలరు. స్థానికుడు కావలెనను వాదములో న్యాయమున్నది. అతడు ప్రజల మాట వినును, అతని జీతము ఆ ఊరిలోనే ఖర్చగును. కాని అతడును దొరకు భయపడు పటేలుగా మారినచో రైతునకు లాభమేమి? కనుక ఎక్కడ పుట్టినవాడని అడుగుటతో మన పని తీరదు. జీతమిచ్చువా డెవడు, ఫిర్యాదు ఏ భాషలో వ్రాసికొనును, తప్పు చేసినప్పుడు ఎవరికి జవాబు చెప్పును అనునవి కూడ అడుగవలెను. ఉద్యోగము లేని యువకుని బాధ నిజమైనది; దానికి జవాబు బడిలోను, పరీక్షలోను, పంటచేలోను, కర్మాగారములోను దొరకవలెను. ఆ జవాబంతయు ఠాణా గుమ్మముకడనే దొరకవలెనన్నచో ఏ ఠాణాయు దానికి చాలదు.

హైదరాబాదు పాతబస్తీకి దక్షిణమున బార్కస్ అను పేట కలదు. అరబ్బు సిపాయిలు బసచేసిన బ్యారక్సు అను మాటయే జనుల నోట బార్కస్ అయినది. హద్రమౌత్ నుండి వచ్చినవారి మనుమలు, మునిమనుమలు నేడును అక్కడ నివసించుచున్నారు. నగరపు వివాహములలో మ్రోగు మర్ఫా వాద్యము వారి తాతలు వెంటతెచ్చినదే. ఇప్పుడు ఏ కులము, ఏ మతమువారి ఊరేగింపైనను మర్ఫా లేనిదే కదలదు. ఆ వీథులలో పెరిగిన బాలుడు నేడు కానిస్టేబులు పరీక్షకు దరఖాస్తు పెట్టినచో, స్థానికుడను గడిలో గీత పెట్టును. ఎవరును ఆక్షేపింపరు. వాని ముత్తాతను ఈ నగరము పరదేశి యనెను. వానిని ముల్కీ యనుచున్నది.